ఓడిన తరువాత ప్రశ్న ఎక్కడ అడగాలి?

(మన సంఘం యువజన విభాగం బెంగళూరులో నడిపిన ఫుట్‌బాల్ పోటీల ముగింపు సభలో ప్రధాన కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా కప్పు గెలిచిన స్పిన్నింగ్ సెక్షన్ జట్టుకు మన సంఘం తరఫున అభినందనలు. ఆఖరి నిమిషం దాకా ఆడి ఓడిన వీవింగ్ సెక్షన్ జట్టుకు అంతకంటే ఎక్కువ అభినందనలు. రాత్రి షిఫ్టు దిగి, రెండు గంటలు కన్ను మూసి, మళ్ళీ మైదానానికి వచ్చిన పిల్లలు వాళ్ళు. ఆ సంగతి చూసేవాళ్ళకు తెలియకపోవచ్చు, మనకు తెలుసు.

ఆట అయిపోయినప్పటి నుంచి టీ అంగడి దగ్గర ఒకటే మాట. బాగా ఆడుతున్న ముందువరస కుర్రాణ్ణి ఆట ముగియడానికి పది నిమిషాల ముందు ఎందుకు బయటికి పిలిచారు, పిలవకపోతే గెలిచేవాళ్ళం కదా అని. జట్టును తయారుచేసిన పెద్దాయన ముందు మాత్రం ఎవరూ నోరు మెదపలేదు. ఆయన వచ్చేసరికి గ్లాసులు కింద పెట్టి లేచిపోయారు. అప్పుడు ఒక తమ్ముడు మా దగ్గరికి వచ్చి అడిగాడు: "అన్నా, పెద్దవాళ్ళు తీసుకున్న నిర్ణయాన్ని తప్పంటే మర్యాద తప్పినట్టా?"

ఆ తమ్ముడు ఫుట్‌బాల్ గురించే అడిగాడో, పోయిన ఏడాది చర్చల్లో మేము చేసిన పని గురించి అడిగాడో మాకు తెలియదు. రెండింటికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత మాకుంది. అందుకే బహుమతులు ఇచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి దిగిపోకుండా, మీ సమయం కాస్త తీసుకుంటున్నాం.

మొదట మన ఊళ్ళోనే జరిగిన ఒక ఆట సంగతి చెబుతాం. మీలో కొందరు ఆ రోజు స్టేడియంలోనే ఉన్నారు. చూడనివాళ్ళ కోసం వివరంగా చెబుతున్నాం.

2023 మార్చి 3న కంఠీరవ స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ ప్లేఆఫ్ ఆట. బెంగళూరు ఎఫ్‌సి ఒకవైపు, కేరళ బ్లాస్టర్స్ ఇంకోవైపు. లీగ్ పట్టికలో బెంగళూరుది నాలుగో స్థానం, కేరళది ఐదో స్థానం. ఒక్కటే ఆట. గెలిచినవాళ్ళు సెమీఫైనల్‌కు, ఓడినవాళ్ళు ఇంటికి. 90 నిమిషాలు ఆడినా ఇద్దరికీ గోల్ రాలేదు. 30 నిమిషాల అదనపు సమయం మొదలైంది. ఆరేడు నిమిషాలు గడిచాయో లేదో, కేరళ గోల్ దగ్గరలో బెంగళూరుకు ఫ్రీకిక్ దొరికింది. కేరళ ఆటగాళ్ళు అడ్డుగోడ కట్టుకుంటున్నారు. గోల్‌కీపర్ వాళ్ళను సర్దుతున్నాడు. ఇంతలో సునీల్ ఛెత్రి బంతిని లేపి ఖాళీ గోల్‌లోకి కొట్టేశాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు.

కేరళ ఆటగాళ్ళు రిఫరీ చుట్టూ మూగారు. మేమింకా సిద్ధంగా లేము, ఈల ఊదలేదు, ఈ గోల్ చెల్లదు అన్నారు. రిఫరీ వినలేదు. అప్పుడు కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ ముందుకు వచ్చి తన ఆటగాళ్ళను బయటికి రమ్మని పిలిచాడు. జట్టంతా మైదానం వదిలి వెళ్ళిపోయింది. అధికారులు కొంతసేపు చూశారు. వాళ్ళు తిరిగి రాలేదు. ఆట బెంగళూరు గెలిచినట్టు ప్రకటించారు.

ఇక్కడ నిబంధన ఏమిటో కూడా చూడాలి. ఫ్రీకిక్ ఇచ్చినప్పుడు ఎదుటి జట్టువాళ్ళు 9.15 మీటర్ల దూరం జరగాలి. గోడ కట్టుకునేదాకా ఆగమనే హక్కు వాళ్ళకు లేదు. కొట్టేవాడు కావాలంటే వెంటనే కొట్టవచ్చు. అయితే రిఫరీ ఆటను ఆపి, దూరం కొలిచి, ఈల కోసం ఆగమని చెబితే మాత్రం ఈల ఊదేదాకా కొట్టకూడదు. గొడవంతా ఇక్కడే. రిఫరీ ఆగమన్నాడని కేరళవాళ్ళ వాదన. నాకు ఈల వద్దు, గోడ వద్దు అని రిఫరీకి ముందే చెప్పానని ఛెత్రి వాదన. అప్పటికి మన లీగ్‌లో వీడియో చూసి తేల్చే రిఫరీ పద్ధతి లేదు. మైదానంలో ఉన్న రిఫరీ మాటే ఆఖరు.

కేరళ క్లబ్బు ఆటను మళ్ళీ ఆడించమని ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు కొట్టేశారు. మార్చి 31న అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ క్రమశిక్షణ కమిటీ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కోచ్‌కు 5 లక్షల జరిమానా, 10 ఆటల నిషేధం. బహిరంగంగా క్షమాపణ చెప్పకపోతే జరిమానా ఇంకా పెరుగుతుందని కూడా చెప్పింది. క్లబ్బూ, కోచ్ ఇద్దరూ ఏప్రిల్ మొదట్లోనే క్షమాపణ చెప్పారు. అప్పీలు చేసుకున్నా జూన్‌లో అది కూడా పోయింది.

ఈ కథలో మాకు ఇంకో సంగతి ముఖ్యం. ఓడి, ఆట మధ్యలో వదిలి వచ్చిన ఆ కోచ్‌ను కేరళ జనం తిట్టలేదు. కొచ్చి విమానాశ్రయంలో అభిమానులు జేజేలు కొట్టి ఆహ్వానించారు. నిషేధం ముగిసి ఆయన అక్టోబరులో మళ్ళీ మైదానానికి వస్తే స్టేడియం మార్మోగిపోయింది. మన కోసం నిలబడ్డాడు, అన్యాయాన్ని సహించలేదు అన్నారు. ఆ ప్రేమ ఊరికే రాలేదు. అంతకుముందు ఏడాది ఆ జట్టును ఫైనల్ దాకా తీసుకుపోయినవాడు ఆయనే. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఆ ఫైనల్‌లో మన హైదరాబాద్ జట్టు చేతిలో పెనాల్టీల మీద ఓడారు. ఆ రోజు ఆయన ఆట ఆఖరుదాకా నిలబడ్డాడు.

మరి ఇంత ప్రేమించే నాయకుణ్ణి ప్రశ్నించడం ఎలా? మేము అనేదేమిటంటే, ప్రేమించే నాయకుణ్ణే ముందు ప్రశ్నించాలి. ఇష్టం లేని నాయకుణ్ణి ప్రశ్నించేవాళ్ళు ఎలాగూ దొరుకుతారు.

మేమైతే ఆ కోచ్‌ను నాలుగు ప్రశ్నలు అడుగుతాం.

మొదటిది. నీ చేతిలో ఇంకా ఏముంది? లెక్క చూడండి. గోల్ పడ్డాక దాదాపు 24 నిమిషాల ఆట మిగిలి ఉంది. తేడా ఒక్క గోల్. కేరళ జట్టు ఆ గోల్ తిరిగి కొట్టేదో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ బయటికి వచ్చినవాడికి 24 నిమిషాలూ లేవు, 24 సెకన్లూ లేవు. రిఫరీ తీసుకున్నది ఒక గోల్. మిగిలిన ఆటంతా తీసేసింది సొంత కోచ్.

రెండోది. ఎవరిని అడిగావు? మైదానంలో పదకొండుమంది ఉన్నారు. వాళ్ళలో ఏడాదికి ఒకసారి వచ్చే ఈ అవకాశం కోసం ఒళ్ళు విరిచి పనిచేసిన కుర్రాళ్ళున్నారు. కెప్టెన్ ఉన్నాడు. ఒక్క నిమిషం వాళ్ళను గుమిగూర్చి ఆడదామా, వద్దా అని అడగవచ్చు కదా. చేయి ఊపితే అందరూ కదిలి వచ్చారంటే అది క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణ ఎంత గొప్పదో, దాన్ని వాడే చేతికి అంత జాగ్రత్త ఉండాలి.

మూడోది. తిరిగి లోపలికి వెళ్ళే దారి చూసుకున్నావా? నిరసనగా ఐదు నిమిషాలు ఆగి, ఫిర్యాదు రాయించి, మళ్ళీ ఆడి ఉంటే ఫిర్యాదూ ఉండేది, ఆటా ఉండేది. ఆట వదిలేయడం ఒకసారి వాడితే అయిపోయే ఆయుధం. అది చేతిలో ఉన్నంతసేపే ఎదుటివాడు దానికి భయపడతాడు.

నాలుగోది. దీని ఖర్చు ఎవరు భరించారు? కోచ్‌కు పది ఆటలు పోయాయి, నిజమే. క్లబ్బుకు నాలుగు కోట్లు పోయాయి. ఆటగాళ్ళకు ఏడాది కష్టం పోయింది. ఖర్చు భరించేవాడికి నిర్ణయంలో మాట ఉండాలి. ఇది ఫుట్‌బాల్ మనకు నేర్పిన మాట కాదు. మన సంఘాలు పుట్టిందే ఈ మాట మీద.

చూడండి, ఈ నాలుగు ప్రశ్నల్లో ఎక్కడా "ఓడిపోయావు కాబట్టి తప్పు" అని లేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫలితం చూసి తీర్పు చెప్పడం తేలిక. ఆ క్షణంలో అతనికి తెలిసినదేమిటి, అతని ముందున్న దారులెన్ని, వాటిలో ఏది ఎంచుకున్నాడు అని అడగడమే న్యాయం. వీవింగ్ సెక్షన్ పెద్దాయన విషయంలోనూ అంతే. ఆ కుర్రాణ్ణి ఎందుకు పిలిచావని ఆయన ముఖం చూసి అడిగి ఉంటే ఆయన చెప్పేవాడు. మేము అడిగాం. కుర్రాడికి మడమ బెణికింది, సోమవారం మొదటి షిఫ్టుకు ఎక్కాలి, నిలబడలేకపోతే కూలి పోతుంది అన్నాడు. టీ అంగడి దగ్గర ఈ మాట ఒక్కరికైనా తట్టిందా?

మైదానం వదలడం కొత్త సంగతి కాదు. 2012 డిసెంబరు 9న కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట జరిగింది. గ్యాలరీ నుంచి వచ్చిన రాయి తగిలి మోహన్ బగాన్ ఆటగాడు రహీం నబీ గాయపడ్డాడు. విరామం తరువాత మోహన్ బగాన్ జట్టు తిరిగి మైదానంలోకి రాలేదు. ఆటగాడి ప్రాణభయం సంగతి కాబట్టి వాళ్ళ బాధను మేము తక్కువ చేయం. అయినా ముందు రెండేళ్ళ నిషేధం పడింది. తరువాత నిషేధం తీసేసి, 2 కోట్ల జరిమానా వేసి, ఆ సీజన్‌లో అప్పటిదాకా సంపాదించిన పాయింట్లన్నీ తీసేశారు. అంత పాత క్లబ్బు, అంత బలమైన క్లబ్బు, అదికూడా బయటికి వెళ్ళాక తిరిగి వచ్చే దారిని ఎదుటివాళ్ళు పెట్టిన షరతుల మీదే తీసుకోవలసి వచ్చింది.

ఇంకో కోచ్ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌వాడు, బడిపంతులుగా పనిచేసినవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానం దాకా తీసుకుపోయాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. ఇజ్రాయెల్‌నూ, తైవాన్‌నూ రానివ్వకపోవడం మీద మన క్రీడా ప్రతినిధి ఒకరు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మనవాళ్ళ మీద కోపంగా ఉన్నారు. మన రాయబార కార్యాలయం మీద కూడా దాడి జరిగింది. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్. స్టేడియం నిండా జనం, వాళ్ళంతా మనకు ఎదురే. పైగా అదే కొరియా చేతిలో మనం అంతకుముందు 2-0తో ఓడి ఉన్నాం. రక్షణలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఏం చేశాడు? ఆడబోమని అనలేదు. తలకు దెబ్బ తగిలిన జర్నైల్‌ను ముందువరసలోకి పంపాడు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. గోల్‌లో హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. 2-1తో బంగారు పతకం వచ్చింది. అప్పటికే రహీం క్యాన్సర్‌తో ఉన్నాడు. తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో కన్నుమూశాడు.

ఇక్కడ కూడా మేము ఒక మాట అంటాం. గాయపడ్డవాణ్ణి ఆడించడం కూడా ప్రశ్నించదగ్గ నిర్ణయమే. గెలిచారు కాబట్టి మనం అడగం. జర్నైల్ మళ్ళీ పడిపోయి ఉంటే ఏమనేవాళ్ళం? గెలుపు కూడా ప్రశ్నలను కప్పేస్తుంది. అందుకని గెలిచినప్పుడు కూడా అడగడం అలవాటు చేసుకోవాలి.

ఇక మన సంగతికి వద్దాం. బొంబాయి బట్టల మిల్లుల సమ్మె గురించి మన పెద్దలు చెప్పగా వినే ఉంటారు. 1982 జనవరి 18న మొదలైంది. దాదాపు రెండున్నర లక్షలమంది పని ఆపారు. వాళ్ళలో కరీంనగర్, నల్గొండ, పాలమూరు జిల్లాల నుంచి పోయిన మనవాళ్ళు చాలామంది. నాయకుడు డాక్టర్ దత్తా సామంత్. ఆ సమ్మె ఆయన పైనుంచి రుద్దింది కాదు, కార్మికులే ఆయన ఇంటికి వెళ్ళి ముందుకు రమ్మన్నారు. అంటే మా రెండో ప్రశ్నకు అక్కడ జవాబు ఉంది. మూడో ప్రశ్నకు మాత్రం లేదు. చట్టం గుర్తించిన సంఘం వేరే ఉంది, దాన్ని దాటి మాట్లాడటానికి యాజమాన్యం సిద్ధంగా లేదు. సమ్మె ఏడాది దాటింది. ముగిసిందని ఎవరూ ప్రకటించనే లేదు. లక్షమందికి పైగా పనులు పోయాయి. కొందరు భివండీలో సాంచాల మీద చేరారు, కొందరు ఊళ్ళకు తిరిగిపోయారు. మిల్లుల స్థలాల్లో తరువాత మాల్‌లు లేచాయి. ఆ కార్మికుల ధైర్యం ముందు మేము తల వంచుతాం. ఆ ధైర్యానికి తిరిగి వచ్చే దారి ముందే వేసి ఉంచాల్సింది అని కూడా అంటాం. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనవచ్చు.

ఇప్పుడు మా తప్పు.

పోయిన ఏడాది ఒక మిల్లులో బదిలీ కార్మికులను పర్మనెంటు చేయాలని లేబర్ ఆఫీసరు దగ్గర చర్చలు జరిగాయి. రెండో సమావేశంలో యాజమాన్యం మనిషి మన అధ్యక్షుణ్ణి చదువు లేనివాడని ఎగతాళి చేశాడు. మాకు రక్తం ఉడికింది. లేచి వచ్చేశాం. గేటు దగ్గర మీరు చప్పట్లు కొట్టారు, దండలు వేశారు. మాకు కూడా ఆ సాయంత్రం గెలిచినట్టే అనిపించింది.

మేము వచ్చేశాక ఆ గదిలో ఏం జరిగింది? సంఘం ప్రతినిధులు సమావేశం వదిలి వెళ్ళిపోయారని రాసుకున్నారు. ఎగతాళి చేసిన మాట రాయలేదు, ఎందుకంటే రాయమని అడగడానికి మేము అక్కడ లేము. తరువాతి తేదీకి కూడా పౌరుషానికి పోయి వెళ్ళలేదు. ఆలోగా బదిలీ కార్మికులను ఒక్కొక్కరినీ పిలిచి రోజుకూలి కొంచెం పెంచుతామని కాగితాల మీద సంతకాలు చేయించుకున్నారు. పర్మనెంటు మాట గాలికి పోయింది. సంతకం చేసిన ఆ పిల్లలను మేము నిందించం. ఇంటి అద్దె కట్టాల్సినవాళ్ళు, సంఘం తమ కోసం మాట్లాడటం మానేసిందనుకున్నారు. అవమానం పడింది మేము. ఖర్చు భరించింది వాళ్ళు.

ఆ రోజు మేము చేయాల్సింది వేరు. ఆ మాటను మినిట్సులో రాయండి అని పట్టుబట్టి కూర్చోవాలి. పది నిమిషాలు బయటికి వచ్చి, వరండాలో నిలబడ్డ బదిలీ కార్మికుల ప్రతినిధులను అడగాలి. లేచి రావాలని వాళ్ళే అంటే, తరువాతి తేదీకి ఎవరు వెళ్ళాలో అక్కడే నిర్ణయించి లేవాలి. మేము ఇవేవీ చేయలేదు. కంఠీరవలో కోచ్ చేయి ఊపినట్టే మేమూ చేయి ఊపాం. మీరు చప్పట్లు కొట్టారు. నాలుగు నెలలు గడిచాక అదే టీ అంగడి దగ్గర మమ్మల్ని తిట్టారు. జనరల్ బాడీలో మాత్రం ఒక్కరు లేవలేదు. చప్పట్లు కొట్టిన రోజే ఒక్కరు లేచి "అన్నా, రేపు మళ్ళీ వెళ్తున్నారా?" అని అడిగి ఉంటే మాకు బుద్ధి వచ్చేది.

అందుకే ఆ తమ్ముడికి మా జవాబు ఇది. పెద్దవాళ్ళను ప్రశ్నించడం మర్యాద తప్పడం కాదు. వెనకాల అనడం మర్యాద తప్పడం. ముఖం మీద అడుగు, సభలో అడుగు, వాళ్ళ జవాబు పూర్తిగా విను. జవాబు చాలకపోతే తీర్మానం పెట్టు. ఓటు వేశాక మాత్రం గెలిచినా ఓడినా కలిసి నడువు.

వచ్చే నెల జనరల్ బాడీలో కార్యవర్గం తరఫున మేమే ఒక తీర్మానం పెడుతున్నాం. చర్చల నుంచి లేచి రావాలన్నా, పని ఆపాలన్నా, ఆ నిర్ణయం వల్ల కూలి పోయే సెక్షన్ ప్రతినిధులను ముందు అడగాలి. లేచి వస్తే, మళ్ళీ ఎప్పుడు, ఎవరు వెళ్ళాలో అదే రోజు సభ్యులకు చెప్పాలి. ప్రతి చర్చ తరువాత, గెలిచినా ఓడినా, పదిహేను రోజుల లోపల సభ పెట్టి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇందులో లోపాలుంటే సవరణలు తీసుకురండి. బదిలీ కార్మికుల కేసు మళ్ళీ తెరవమని అర్జీ పెట్టాం. ఈసారి తేదీ తప్పించం. ఎవరెంత ఎగతాళి చేసినా కుర్చీ వదలం.

చివరిగా, వీవింగ్ సెక్షన్ తమ్ముళ్ళకు ఒక మాట. మీ పెద్దాయన అక్కడ వెనక వరుసలో కూర్చున్నారు. సభ అయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళండి. అడగాల్సింది అడగండి. ఆయన చెప్పేది వినండి. తరువాత అందరూ కలిసి టీ తాగండి. డబ్బు సంఘం ఇస్తుంది.

సెలవు తీసుకుంటున్నాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!